పిల్లలు కట్టినది చూడండి



వేసవి సెలవులలో మన సంఘాలలో జరిగే వి.బి.యస్. ముగింపు రోజు మీకు తెలియనిది కాదు. సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడ చుట్టుప్రక్కల పల్లెలలోనైనా తీరు ఒకటే. పిల్లలు పాటలు పాడతారు, కంఠత వాక్యాలు ఒప్పజెబుతారు, అభినయ గీతాలు చేస్తారు. వాటికి చప్పట్లు ఉంటాయి, ఫొటోలు ఉంటాయి. మందిరంలో ఒక మూలన మాత్రం నాలుగు బల్లలు కలిపి, మీద తెల్లని దుప్పటి పరచి, పిల్లల చేతిపనులు పేరుస్తారు. ఐసు పుల్లల ఇల్లు, అట్టపెట్టెతో చేసిన నోవహు ఓడ, అగ్గిపుల్లల సిలువ, ఇప్పుడిప్పుడు ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన ట్రాక్టరు, వంతెన, మందిరం. పెద్దలు వరుసగా నడిచి చూస్తారు. "బాగుంది, బాగుంది" అనుకుంటూ అవతలి కొసకు చేరుకుంటారు. అక్కడ భోజనాల పందిరి ఉంటుంది.

ఆ బల్ల వెనుక నిలుచున్న పిల్లల ముఖాలు ఎప్పుడైనా చూశారా? "బాగుంది" అన్న మాటకు వాళ్లేమీ పొంగిపోరు. ప్రక్కవాడు అరగంటలో అతికించి తెచ్చినదానికీ అదే మాట, తాను నాలుగు రోజులు కూర్చుని చక్రం తిరిగేటట్టు చేసిన ట్రాక్టరుకూ అదే మాట. అందరికీ ఒకేలా పంచిపెట్టే మాటకు విలువ లేదని ఏడేళ్ల బిడ్డకు కూడా తెలుస్తుంది. చూడకుండానే చెప్పారని కూడా తెలుస్తుంది.

ఈ నెల ఆ బల్ల గురించే వ్రాస్తున్నాను. పిల్లలు తమ చేతులతో కట్టినదానిని మనం ఎలా చూడాలి, చూసి ఏమి చెప్పాలి అన్నది. బొమ్మల సంగతి పాస్టరుగారికి ఎందుకు అని కొందరు అనుకోవచ్చు. తాను కట్టినది ఇంట్లో చూపించడం మానుకున్న బిడ్డ, కొన్నేళ్లకు తన మార్కుల కాగితమూ చూపించడు, తనకు వచ్చిన కష్టమూ చెప్పడు. ఇరవై ఏళ్ల కొడుకు తమతో ఏమీ మాట్లాడడని కన్నీళ్లతో వచ్చే తల్లిదండ్రులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఆ మౌనం ఇరవయ్యో ఏట మొదలైంది కాదు.

ముందుగా ప్లాస్టిక్ ఇటుకల కథ కొంత చెప్పాలి. డెన్మార్క్ దేశంలో బిల్లుండ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1916లో ఒక పనిశాల కొన్నాడు. లూథరన్ సంఘస్థుడు, భక్తిగలవాడు. తలుపులు, కిటికీలు, ఇంటి సామాను చేసి బ్రతికేవాడు. 1924లో ఇంటి పిల్లలు ఆటలో కర్రపొట్టుకు నిప్పు అంటించగా పనిశాల, ఇల్లు రెండూ కాలిపోయాయి. మళ్లీ కట్టుకున్నాడు. తరువాత ఆర్థిక మాంద్యం వచ్చింది. రైతుల చేతిలో డబ్బు లేదు, వడ్రంగికి పని లేదు. 1932లో భార్య చనిపోయింది. నలుగురు మగపిల్లలు మిగిలారు. ఆ ఏడే అతడు కర్రబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 1934లో వాటికి లెగో అని పేరు పెట్టాడు. 'బాగా ఆడుకో' అనే అర్థం వచ్చే రెండు డేనిష్ మాటల ముందు అక్షరాలు కలిపిన పేరు అది.

ఆ ఇంటి నుండి ఒక బాతు కథ చెబుతారు. కుమారుడు గాట్‌ఫ్రెడ్ ఒకరోజు సంతోషంగా వచ్చి, కర్రబాతులకు మూడు పూతల వార్నిష్ బదులు రెండు పూతలే వేసి పంపించానని, దానివలన డబ్బు మిగిలిందని తండ్రితో చెప్పాడు. తండ్రి ఒప్పుకోలేదు. రైల్వే స్టేషనుకు పోయి ఆ పెట్టెలు వెనక్కి తెమ్మన్నాడు. మూడవ పూత వేసి, మళ్లీ కట్టి పంపమన్నాడు. ఆ పనంతా కొడుకు ఒక్కడే రాత్రివేళ కూర్చుని చేశాడట. శ్రేష్ఠమైనది తప్ప మరేదీ చాలదు అనే అర్థం వచ్చే మాటను తరువాత ఆ కుమారుడే చెక్కపై చెక్కి పనిశాలలో వ్రేలాడదీశాడు. ఈ కథను నిజాయితీ గురించి చెప్పడానికి వాడుకుంటారు. వాడుకోవచ్చు. నాకు మాత్రం అందులో మరొకటి కనబడుతుంది. లోటు చెప్పిన తండ్రి, దాన్ని దిద్దే పని కొడుకు చేతనే చేయించాడు. కుంచె తాను తీసుకోలేదు.

1946లో ఆ తండ్రి ప్లాస్టిక్ పోతపోసే యంత్రం కొన్నాడు. 1949 నుండి ప్లాస్టిక్ ఇటుకలు అమ్మాడు. అయితే ఆ ఆలోచన అతనిది కాదు. ఇంగ్లండులో హిలరీ పేజ్ అనే బొమ్మల తయారీదారుడు అంతకుముందే అటువంటి ఇటుకలు చేశాడు. అతని ఇటుకను నమూనాగా చూసి, కొంత మార్చి డెన్మార్క్‌వారు తయారుచేశారు. హిలరీ పేజ్ 1957లో చనిపోయాడు. ఆయన కంపెనీ హక్కులు పొందినవారికి డెన్మార్క్ కంపెనీ సొమ్ము చెల్లించి వ్యవహారం తేల్చుకున్నది 1981లో గాని కాదు. కట్టినదానిని నలుగురికీ చూపేటప్పుడు, ఆలోచన ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పడం కూడా పనిలో భాగమే. "ఇది మా అక్క చెప్పింది, నేను కట్టిన" అని చెప్పే బిడ్డను మెచ్చుకోండి.

మొదట వచ్చిన ఆ ఇటుకలు క్రింద బోలుగా ఉండేవి. పేర్చితే నిలబడేవి గాని గట్టిగా పట్టుకునేవి కావు. కట్టిన ఇల్లు ఎత్తి పట్టుకుంటే విడిపోయేది. ఆ ఫిర్యాదులు కంపెనీకి చేరాయి. అప్పటికి పని చూస్తున్న గాట్‌ఫ్రెడ్ ఇటుక లోపలి భాగంలో గొట్టాలు పెట్టించాడు. క్రింది ఇటుక బుడిపెలు పై ఇటుక గొట్టాలకూ గోడలకూ మధ్య బిగుసుకుంటాయి. 28 జనవరి 1958న దానికి పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. సరిగ్గా ఆరు వారాలకు, మార్చి 11న, తండ్రి ఓలే కిర్క్ కన్నుమూశాడు. 1958 నాటి ఇటుక ఈనాటి ఇటుకకు ఇప్పటికీ అతుకుతుంది. విడిపోతున్నదని ఎవరూ చెప్పకపోతే, అందరూ "బాగుంది" అని ఊరుకుంటే, ఆ గొట్టాలు వచ్చేవా?

ఇక్కడ ఒక లెక్క చెబితే పిల్లలు ఆశ్చర్యపోతారు, పెద్దలు కూడా. ఎనిమిది బుడిపెల ఇటుకలు, ఒకే రంగువి, రెండు తీసుకుంటే వాటిని 24 రకాలుగా జతచేయవచ్చు. మూడు తీసుకుంటే 1,060 రకాలు. ఆరు తీసుకుంటే 91,51,03,765 రకాలు. కంపెనీవారు చాలాకాలం 10 కోట్ల పైచిలుకు సంఖ్య చెప్పుకున్నారు. అది ఇటుక మీద ఇటుకగా ఆరు వరుసల ఎత్తు పేర్చినవాటి లెక్క మాత్రమేనని, ప్రక్క ప్రక్కన పెట్టినవి అందులో లేవని కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయపు గణితజ్ఞుడు సోరెన్ ఐలర్స్ తేల్చి అసలు సంఖ్య చెప్పాడు. ఆరు ముక్కలకే ఇంత లెక్క అయితే, డబ్బా నిండా ముక్కలతో మీ బిడ్డ కట్టినది ఇంతకుముందు లోకంలో ఎవ్వరూ కట్టనిది కావచ్చు. దానికి అచ్చులో పోసిన మాట ఎట్లా సరిపోతుంది?

ఈ ఇటుకలతో పెద్దవారు కూడా కడతారు. ఐరోపాలో, అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే పెద్దమనుషులు, ఇంజనీర్లు, టీచర్లు, అమ్మమ్మలు ఏటా ఒకచోట కూడి, తాము కట్టినవి బల్లలమీద పెట్టి ఒకరికొకరు చూపుకుంటారు. పెట్టెతోపాటు వచ్చిన పుస్తకం చూసి కట్టినదానికి అక్కడ అంత గౌరవం లేదు. స్వంతంగా ఆలోచించి కట్టినదానిని వాళ్లు 'మోక్' అంటారు, అంటే నా స్వంత సృష్టి అని. వాళ్లు ఒకరిదానిని ఒకరు చూసే తీరు మనం తెలుసుకోదగినది. ముందు వంగి చూస్తారు. తరువాత అడుగుతారు: ఈ మూల ఎట్లా తిప్పావు? బుడిపెలు పైకి ఉండాల్సినవి ప్రక్కకు ఎట్లా వచ్చాయి? ఈ ముక్క ఇక్కడ వాడాలని ఎలా తోచింది? ఒక వస్తువు కోసం చేసిన ముక్కను మరొకదానికి వాడడం వాళ్లలో గొప్ప. 2021లో వచ్చిన బోన్సాయ్ చెట్టు సెట్టులో కొమ్మలకు పూలుగా పెట్టినవి గులాబి రంగు బుల్లి కప్పలు! దూరం నుండి చూస్తే పూలే. దగ్గరకు పోయి చూసినవాడికే కప్పలు కనబడతాయి.

లోటు చెప్పేటప్పుడు కూడా వాళ్లలో ఒక మర్యాద ఉంది. సలహా కావాలా, చూపించడానికి మాత్రమే తెచ్చావా అని ముందు తెలుసుకుంటారు. కావాలన్నవాడికి సూటిగానే చెబుతారు. పైకప్పు రంగు గోడలో కలిసిపోయింది, తల బరువై ముందుకు వాలుతున్నది అని. అంటే, మాట వస్తువు మీదనే నిలుస్తుంది. అక్కడా కఠినంగా మాట్లాడేవాళ్లు లేకపోలేదు, అసూయా లేకపోలేదు. మనుష్యులే కదా. కాని మంచి మర్యాద ఏదో వాళ్లకు తెలుసు.

మన ఇండ్లకు వద్దాం. పొలం నుండి వచ్చిన తండ్రి కాళ్లు కడుక్కుంటుంటే పిల్లవాడు రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని తెస్తాడు. "నాయినా, జూడు." తండ్రి ఏమంటాడు? "ఏందిరా ఇది? తినేటందుకొస్తదా? పోయి సదువుకో." తిట్టినట్టు ఆయన అనుకోడు. అలసి ఉన్నాడు, పంటకు పెట్టిన అప్పు కళ్లముందు ఉంది. పిల్లవాడు వెనక్కి తిరుగుతాడు. రెండవసారి తెస్తాడు, మూడవసారి తేడు.

మరో రకం తండ్రి ఉన్నాడు, చదువుకున్నవాడు. ఆయన "ఇట్ల కాదు, ఇటియ్యి" అని తీసుకుని తానే విప్పి తానే కడతాడు. బాగానే కడతాడు. కాని ఇప్పుడు అది బిడ్డది కాదు. స్కూలు సైన్సు ఫెయిరులలో చూస్తూనే ఉంటాము, తండ్రి చేసిన నమూనాకు కొడుకు బహుమతి అందుకోవడం. ఆ పిల్లవాడు దానిముందు నిలబడి అప్పగించిన నాలుగు ముక్కలు చెబుతాడు గాని, ఒక్క ప్రశ్న అడిగితే నేల చూస్తాడు.

ఇంటిలో దీన్ని బాగా చేయగలవారు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. వారికి ఆ సంగతి తెలియదు. సుతారి పని చేసే సహోదరులనే తీసుకోండి. ఇటుక మీద ఇటుక సరిగ్గా నిలువుగా పేర్చుకుంటూ పోతే జాయింటు మీద జాయింటు పడి గోడ నిలువునా చీలుతుందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. క్రింది వరుసలో రెండు ఇటుకలు కలిసే చోటికి పై ఇటుక నడుమ భాగం రావాలి. ప్లాస్టిక్ ఇటుకకూ అదే న్యాయం. చిన్నపిల్లలు మొదట నిలువు స్తంభాల్లాగా పేర్చుతారు, పట్టుకోగానే గోడ ముక్కలౌతుంది. ఆ తండ్రి చేయవలసింది ఒక్కటే. బిడ్డను బయటికి తీసుకుపోయి, పూత వేయని గోడ ఒకటి చూపించి, "జాయింట్లు ఎట్ల బోయినయో జూడు బిడ్డా, నీ గోడ ఎట్లుంది?" అని అడగడం. జవాబు చెప్పకుండా లోపలికి వచ్చేయాలి. అరగంట తరువాత ఏం జరుగుతుందో చూడండి. ఆ రోజు ఆ బిడ్డకు గోడ కట్టడమే కాదు, తన తండ్రి చేసే పని ఏమిటో కూడా తెలుస్తుంది. మిర్యాలగూడలో రైసు మిల్లులో పనిచేసే తండ్రికి, బిడ్డ కట్టిన మిల్లులో ధాన్యం ఎటునుండి వచ్చి బియ్యం ఎటు పోతుందో అడిగే అర్హత మరెవరికన్నా ఎక్కువ. బట్టలు కుట్టే తల్లికి రంగుల జత తెలుసు.

ఒక పిల్లవాడు నాగార్జునసాగర్ డ్యాము కట్టాడనుకోండి. మన ప్రాంతపు పిల్లలకు అది ఇష్టమైన నమూనా. ఎడమ కాలువ నీళ్లు త్రాగే నేలలు కదా మనవి. డ్యాముకు 26 గేట్లు ఉంటాయి. ఇతడు తొమ్మిదే పెట్టాడు. "తప్పు, 26 ఉండాలి" అని చెప్పేస్తే మన తెలివి బయటపడుతుంది, అంతే. "గేట్లు ఎన్ని పెట్టినవు? ఎందుకు అన్నే పెట్టినవు?" అని అడిగితే జవాబు వస్తుంది. ముక్కలు అయిపోయి ఉండవచ్చు. లేదా 26 పెడితే గోడ మంచం అంత పొడవు అవుతుందని అతడే లెక్క వేసుకుని ఉండవచ్చు. అటువంటప్పుడు అతడు మనకంటే ఎక్కువ ఆలోచించాడు, మనం తప్పు పట్టబోయాము. నిజంగానే తెలియక తొమ్మిది పెట్టి ఉంటే, ఈసారి సాగర్ పోయినప్పుడు లెక్కపెడతాడు.

నిర్గమకాండములో ప్రత్యక్ష గుడారము పని ముగిసిన అధ్యాయం, ముప్పది తొమ్మిదవది, మనం త్వరత్వరగా చదివి దాటేస్తాము. కొలుకులు, పలకలు, స్తంభాలు, దిమ్మలు అంటూ ఒక్కొక్కటిగా మోషే దగ్గరకు తెచ్చిన పట్టిక అది. విసుగు పుట్టించే పట్టిక అని పెద్దవారు కూడా అంటారు. నాకు అట్లా అనిపించదు. చేసినవారు అన్నీ తెచ్చి చూపించారు, ఆయన ఆ పని అంతా చూశాడు, చెప్పినట్టు చేశారని కనుగొన్నాడు, ఆ తరువాతనే దీవించాడు. చూడడం ముందు, దీవెన తరువాత. మన వి.బి.యస్. బల్ల దగ్గర దీవెన మాత్రం ఉంటుంది.

పోటీల గురించి ఒక మాట. మొదటి బహుమతి టిఫిన్ బాక్సు, రెండవది స్టీలు గ్లాసు, మిగిలినవారికి ప్రోత్సాహక బహుమతిగా పెన్సిలు. ఇవ్వండి, వద్దనను, పిల్లలకు అది పండుగ. కాని మొదటిది ఎందుకు మొదటిదైందో ఎవరూ చెప్పరు. పెన్సిలు వచ్చిన పిల్ల దానివలన నేర్చుకున్నది ఏమీ లేదు, తనది బాగాలేదన్న సంగతి తప్ప. న్యాయనిర్ణేతలుగా కూర్చునే పెద్దలు మార్కులు వేసిన కాగితం వెనుక ప్రతి బిడ్డకూ ఒక్క వాక్యం వ్రాసి ఇవ్వగలరు. నీ ఓడకు కిటికీ పైన పెట్టావు, అది నాకు నచ్చింది. అడుగుభాగం తడిస్తే ఏమౌతుందో ఆలోచించు. ఇంత చాలు. ముప్పైమంది పిల్లలకు ముప్పై వాక్యాలు వ్రాయడానికి గంట పడుతుంది. ప్రసంగాలలో ఒకటి తగ్గిస్తే ఆ గంట దొరుకుతుంది. (పాస్టర్లు నన్ను క్షమించాలి.)

పిల్లలు ఒకరిదానిని ఒకరు చూసుకోవడం ఇంకా కష్టం. పిల్లలు నిర్దయగా మాట్లాడతారు. "నాది నీదానికన్నా పెద్దది", "గది బండా, బర్రెనా?" అందరూ నవ్వుతారు, ఆ బిడ్డ తన బొమ్మను చేతితో కప్పుకుంటాడు. సండే స్కూలు టీచర్లకు నా మనవి: నవ్వినవారిని కోప్పడి ఊరుకోవద్దు, చూడడం నేర్పండి. ప్రక్కవాడి బండిలో నీకు నచ్చినదేదో వేలుపెట్టి చూపించు, తరువాత నీకు అర్థం కానిది ఒకటి అడుగు అని చెప్పండి. వేలుపెట్టి చూపించాలంటే దగ్గరకు పోవాలి, చూడాలి. మొదటి రెండు వారాలు నవ్వులాటగా ఉంటుంది. తరువాత పిల్లలే పట్టుకుంటారు.

ఆడపిల్లల సంగతి చెప్పకుండా దాటలేను. ఇటుకలు తమ్ముడికి, వంటసామాను బొమ్మలు అక్కకు అని మనమే పంచుతాము. ఆ డెన్మార్క్ కంపెనీవారే, అభిమానులు కట్టిన నమూనాకు పదివేలమంది మద్దతు వస్తే దానిని పరిశీలించే పద్ధతి పెట్టారు. పరిశీలనలో నెగ్గితే సెట్టుగా అమ్ముతారు. అట్లా ఎల్లెన్ కోయ్‌మన్ అనే భూరసాయన శాస్త్రవేత్త ముగ్గురు స్త్రీ శాస్త్రజ్ఞుల నమూనా కట్టి చూపింది. ఒకామె టెలిస్కోపు దగ్గర, ఒకామె డైనోసారు ఎముకల దగ్గర, మరొకామె రసాయనశాలలో. 2014లో అది అమ్మకానికి వచ్చింది. తాను చేసే పని బొమ్మలలో ఎక్కడా కనబడడం లేదు గనుక ఆమె తానే కట్టింది. ఈసారి తమ్ముడు కట్టేటప్పుడు అక్కకు కూడా డబ్బాలో చేయి పెట్టనివ్వండి. ఏం కడుతుందో చూద్దాం.

ఇవన్నీ డబ్బున్నవారి మాటలని కొందరు అనుకుంటారు. నిజమే, ఆ కంపెనీ పెట్టెలు మన పల్లె కుటుంబాలకు అందే ధరలో లేవు. ఊరి అంగడిలో దొరికే మామూలు ప్లాస్టిక్ ఇటుకలు చాలు. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి, 1 జనవరి 2021 నుండి బొమ్మలకు అది తప్పనిసరి. మూడేళ్ల లోపు పిల్లలకు చిన్న ముక్కలు ఇవ్వవద్దు, నోట్లో పెట్టుకుంటారు. అవి కూడా కొనలేకపోతే అగ్గిపుల్లలు ఉన్నాయి. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన అరవింద్ గుప్తా గారు 1978లో పూణేలోని ఉద్యోగానికి సెలవు పెట్టి, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ ప్రాంతపు పల్లెబడులలో సైన్సు బోధనలో పనిచేశారు. అక్కడ సైకిలు వాల్వు ట్యూబును చిన్న చిన్న ముక్కలుగా కోసి, వాటిలో అగ్గిపుల్లలు దూర్చి, ఇళ్లు, గోపురాలు, వంతెనలు కట్టించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ అగ్గిపుల్లలతో నాలుగు పుల్లల చతురస్రం కట్టి నొక్కితే ప్రక్కకు వాలిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం కదలదు. "నీ ఇల్లు ఊగుతున్నది" అని చెప్పడానికి బదులు, ఈ రెండూ చేసి బిడ్డ చేతిలో పెట్టండి. కరెంటు పెద్ద టవర్లలో ఆ ఏటవాలు ఇనుప పట్టీలు ఎందుకు ఉన్నాయో వాడే వచ్చి చెబుతాడు.

జొన్న బెండ్లతో ఎడ్లబండి కట్టినవారు మనలో ఇంకా ఉన్నారు. పుల్లలు గుచ్చి, ఇరుసు పెట్టి, కాడి పెట్టి. తాతలను అడిగి పిల్లలకు నేర్పించండి. కోదాడ దాటి విజయవాడ వైపు పోయేవారికి ఇబ్రహీంపట్నం దగ్గర కొండపల్లి తగులుతుంది. తెల్లపొణికి కర్రతో అక్కడ చేసే ఏనుగు అంబారీ ఒకే ముక్క అనుకుంటాము. భాగాలు వేరువేరుగా చెక్కి, అతికించి, అతుకు కనబడకుండా నునుపు చేసి రంగు వేస్తారు. బస్సులో ఎన్నిసార్లు ఆ ఊరు ప్రక్కగా పోయామో! ఒక్కసారి దిగి, పిల్లవానికి ఆ బొమ్మ కొనకపోయినా సరే, అతుకు ఎక్కడుందో వెదకమనండి.

ఇటుకలతో కట్టినదానికి మరో ఇబ్బంది ఉంది. కొత్తది కట్టాలంటే పాతది విప్పాలి. ముక్కలు అవే కదా. తల్లులు ఇల్లు ఊడ్చేటప్పుడు అడ్డంగా ఉందని తీసి డబ్బాలో వేసేస్తారు. బడి నుండి వచ్చిన బిడ్డ ఏడిస్తే "మళ్లీ కట్టుకోరాదా" అంటారు. రెండు మూడు రోజులు బీరువా మీద పెట్టనివ్వండి. ఇంటికి వచ్చినవారికి బిడ్డ చూపించుకుంటాడు. ఫోనులో ఫొటో తీయండి, లేదా నోటుపుస్తకంలో బొమ్మ వేయించి తేదీ వ్రాయించండి. విప్పేటప్పుడు వాడి చేతనే విప్పించండి. ఈసారి ఏది మారుస్తావని ఆ సమయంలో అడిగితే చెబుతాడు, ఎందుకంటే ఎక్కడ బిగుతు తక్కువైందో వాడి వేళ్లకు అప్పుడే తెలుస్తుంది. ఊడ్చేటప్పుడు మంచం క్రింద దొరికిన బుల్లి ముక్కలను చెత్తలో పారవేయకుండా ఆ డబ్బాలో వేయండి. ఇరుసు ముక్క ఒక్కటి పోయినా ట్రాక్టరు చక్రం తిరగదు.